పాత తుపాకిల కొత్త మందు పోయకుండ్రి, లైసెన్సు అడుగుండ్రి



మక్కలు కంకి పట్టే రోజులొచ్చినయంటే మన తండాలల్ల, గూడేలల్ల రెండే ముచ్చట్లు. పందులు ఎవరి చేన్ల పడ్డయి, వాటిని ఎట్ల ఎళ్ళగొట్టాలె. దాని ఎనకాలనే అటక మీది పాత తుపాకి ముచ్చట వస్తది. ఈ రెండేండ్ల సంది ఇంకో ముచ్చట కూడా కలిసింది. ఫోన్ల బయటి దేశపు వీడియోలు చూసి, పేలిన పన్నెండు బోర్ తూటా డొల్లలను మళ్ళీ నింపుకోవచ్చని, కొత్త తూటాను కోసి అందులోని మందు భర్మార్ల పోస్తే దెబ్బ గట్టిగ ఉంటదని మన పిలగాండ్లే ఒకరికొకరు చెప్పుకుంటున్నరు. ఈ పోస్టు వాళ్ళ కోసం. ఇంటి పెద్దలకు కూడా చదివి వినిపించండి.

మేమంటే సిద్దిపేటల హాస్టళ్ళల్ల ఉండి డిగ్రీ చదివేటోళ్ళం. అక్కన్నపేట దిక్కు తండాలోళ్ళున్నరు, ములుగు దిక్కు కోయోళ్ళున్నరు, ఆసిఫాబాద్ దిక్కు గోండోళ్ళున్నరు. అసలు ఎస్టీలు ఎవరు అనే పంచాయితి మా రూముల కూడా అయితది. ఇయ్యాల దాన్ని పక్కన పెట్టినం. పందులకు ఆ తేడా తెల్వదు, అందరి చేన్లల్ల ఒక్కతీరుగనే పడ్తయి.

ముందు తుపాకి సంగతి. మన పెద్దల దగ్గర ఉన్నది భర్మార్. భర్నా అంటే నింపుడు, ఆ మాట నుంచే ఆ పేరు వచ్చింది. మూతి దిక్కు నుంచి మందు పోసి, పీచు పెట్టి, సీసం రవ్వలు ఏసి, ఇనుప కడ్డీతోని దట్టించి, ఎనుక టోపీ పెట్టి కాలుస్తరు. అండ్ల పోసేది నల్లమందు. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన పాత మందు. అది అంటుకుంటే పొగ వస్తది, మసి పడ్తది, చప్పుడు కొండకు కొట్టి మళ్ళీ వస్తది. కానీ గొట్టం లోపల అది పుట్టించే ఒత్తిడి తక్కువ. భర్మార్ గొట్టం మందం, అతుకు, ఎనుక బిగించిన మర, అన్నీ ఆ తక్కువ ఒత్తిడిని తట్టుకునే లెక్కల చేసినవే.

కొత్త తూటాల ఉండేది వేరే జాతి మందు. 1884ల ఫ్రాన్స్‌ల పాల్ వియెల్ అనే ఆయన పొగ రాని మందు తయారుచేసిండు. నైట్రోసెల్యులోజ్ దాని మూలం. మాలో కెమిస్ట్రీ చదివేటోళ్ళకు ఈ పేరు పుస్తకాలల్ల తగిలిందే. అంతే బరువు నల్లమందు కంటే దీనికి రెండు మూడింతల బలం ఉంటది. బలం కంటే పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. బిగించి మూసిన చోట ఒత్తిడి పెరిగినకొద్దీ ఇది ఇంకా జోరుగ కాల్తది, జోరుగ కాలినకొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతది. నల్లమందును మన తాతలు చిప్పతోని, గొట్టం మూతతోని కొలిచి పోసేది. రవ్వంత ఎక్కువైతే భుజానికి తన్నేది, అంతే. అదే చిప్పతోని పొగ రాని మందు కొలిస్తే గొట్టమే చీరుకపోతది. తుపాకి పట్టినోని ఎడమ చెయ్యి ఆ గొట్టం కిందనే ఉంటది, మొఖం జానెడు ఎనుక ఉంటది.

అంకెలల్ల చెప్తే ఇంకా తెలుస్తది. మన బైకు టైరుల గాలి చదరపు అంగుళానికి 30 పౌండ్ల లెక్కల ఉంటది. ఇప్పటి పన్నెండు బోర్ తూటాకు అమెరికా కంపెనీలు పెట్టుకున్న పై హద్దు 11,500 పౌండ్లు. నూరేండ్ల కిందటి తుపాకులకని విడిగ తయారుచేసే మెత్తటి తూటాలు 5,000 నుంచి 7,000 పౌండ్ల మధ్యల ఉంటయి. ఆ వీడియోలల్ల వాళ్ళు నింపేది ఇవే. వాళ్ళు చేసేది తప్పని మేము అనం. వాళ్ళ దగ్గర ఏ మందు ఏ బరువుల, ఏ బిరడాతోని, ఎన్ని రవ్వలకు ఎంత ఒత్తిడి ఇస్తదో ల్యాబుల కొలిచి అచ్చేసిన పట్టికలున్నయి, బియ్యపుగింజ బరువు తేడాను పట్టే త్రాసులున్నయి, గొట్టం మందం కొలిచే పనిముట్లున్నయి. అన్నిటికంటే ముందు ఆ పనికి వాళ్ళ చట్టం ఒప్పుకుంటది. వీడియోల ఇవన్నీ ఒక్క నిమిషంల అయిపోతయి, చివరికి తుపాకి పేలుడే గుర్తుంటది.

పన్నెండు బోర్ల కూడా పాతవి, కొత్తవి అని ఉన్నయి. ఈ పన్నెండు అనే లెక్క కూడా సీసం నుంచే వచ్చింది. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లు చేస్తే అండ్ల ఒక గుండు ఎంత లావుంటదో గొట్టం లోపల అంత లావు, అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. గడీలల్ల దొరలు పట్టిన విలాయతి డబుల్ బ్యారెల్ తుపాకులు కొన్ని ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి కడ్డీకి చుట్టి కొట్టి చేసిన గొట్టాలతోని ఉంటయి. వాటిని డమాస్కస్ గొట్టాలంటరు. (నిజామాబాద్ దిక్కు కోనసముద్రం ఉక్కు డమాస్కస్ దాకా పోయిందని మనం గొప్పగ చెప్పుకుంటం, అది నిజమే. కానీ ఈ గొట్టాలు ఆ మూసల కరగబోసిన ఉక్కు కాదు, మెలిపెట్టి అతికినవి. పేరు చూసి మోసపోవద్దు.) ఇంగ్లండ్‌ల లండన్, బర్మింగ్‌హామ్ పరీక్షాశాలల్ల ప్రతి గొట్టాన్ని ఎక్కువ మందుతోని కాల్చి చూసి ముద్ర కొడ్తరు. నైట్రో ప్రూఫ్ అని ముద్ర లేకుంటే అది నల్లమందుకే పరీక్ష పాసైనట్టు. ఇంకా, పాతవాటిల తూటా కూసునే గది చాలావరకు 65 మిల్లీమీటర్లు, ఇప్పటి తూటా విచ్చుకున్నంక 70 మిల్లీమీటర్లు. తూటా లోపల సక్కగనే పడ్తది, పేలినంక మూతి విప్పుకోనీకి జాగ లేక ఒత్తిడి పెరుగుతది. బయటికి ఏమీ కనపడదు. లైసెన్సున్న పన్నెండు బోర్ల సంగతే ఇట్లుంటే, కొలిమిల నీళ్ళ పైపుతోని చేసిన భర్మార్‌కు ఏ ముద్ర ఉన్నట్టు?

మాలో ఒకరి ఊర్ల ఒక తాత ఉన్నడు. ఎడమ చేతికి బొటనవేలు, చిటికెన వేలు తప్ప లేవు. ఎవరో దోస్తు రెండు తూటాలు తెచ్చిస్తే కోసి మందు పోసిండంట. దవాఖానల బాణసంచా పేలిందని చెప్పి కట్టు కట్టించుకున్నడు. తుపాకని చెప్తే కేసయితదని భయం. పుండు చీము పట్టినా రెండోసారి పోలేదు. మన దగ్గర తుపాకి పేలిన దెబ్బలు ఎన్నో ఇట్లనే బాణసంచా దెబ్బలుగ, కల్లు సీసా దెబ్బలుగ రాసుకపోతయి.

పెద్దోళ్ళను తక్కువ చేస్తున్నమని అనుకోవద్దు. నల్లమందు తుపాకికి ఒక బలం ఉండె, దాన్ని మనోళ్ళు సక్కగ ఎరిగిన్రు. మేము చదువుకుంటున్న ఈ సిద్దిపేట జిల్లాలనే, ధూళిమిట్ట మండలంల బైరాన్‌పల్లి ఉన్నది. రజాకార్లు మీదికొస్తే ఊరోళ్ళు బురుజెక్కి నాటు తుపాకులతోని, వడిసెలలతోని ఒకసారి కాదు, పలుమార్లు తరిమిన్రు. దట్టించే మందు ఊర్లనే నూరుకున్నది, దుకాణం మీద ఆధారపడ్డది కాదు. 1948 ఆగస్టు 27 తెల్లారంగ నిజాం సైన్యం ఫిరంగులతోని వచ్చింది. బురుజు మీద దాచిన మందుగుండు పేలింది. ఆ ఒక్క దినం వందమంది దాకా పానాలు పోయినయి. సైనిక చర్య మొదలయింది సెప్టెంబర్ 13న, అంటే ఇంకో పదిహేడు దినాలకు. ఆ బురుజు ఇప్పటికీ ఉన్నది, పోయి చూడండి. ఆ మోటు తుపాకులే ఊరిని అన్ని రోజులు కాపాడినయి. ఆ మందును ఒక్కచోట కుప్పపోసి దాస్తే ఏమయితదో కూడా అక్కడనే కనపడ్తది.

మన్యంల ఇంకో తీరు. 1922 ఆగస్టు 22, 23, 24న అల్లూరి సీతారామరాజు, గాం సోదరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, దాదాపు 2,500 తూటాలు తీసుకపోయిన్రు. అవి పోలీసు తుపాకులు, తూటా లేకుంటే ఉత్త కట్టె. అడవిల నల్లమందు నూరుకోవచ్చు గానీ ఆ తూటా చేసుకోలేం. తూటా అయిపోతే మళ్ళీ స్టేషనుకే పోవాలె. అక్టోబర్ల అడ్డతీగల స్టేషన్ మీదికి పోయేసరికి పోలీసులు ఆయుధాలను ముందుగాలనే వేరే చోటికి మార్చిన్రు. తూటా అంటే దుకాణం, దుకాణం అంటే సర్కారు. ఇప్పుడు తూటాలు కోసే మన తమ్ముళ్ళు ఆ సంగతి మర్చిపోయిన్రు. ఒక్కొక్క తూటా లైసెన్సు పుస్తకంల లెక్కకెక్కుతది, కోసిన తూటాకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలె.

అసలు సంగతికి వద్దాం. పాత తుపాకి దింపుదామనే ఆలోచన వేటకు కాదు, ఎక్కువ ఇండ్లల్ల పంట కోసమే వస్తది. ఎకరం మక్క చేన్ల పందుల మంద ఒక్క రాత్రి పడ్డదంటే పొద్దుగాల చూస్తే రోలు తిరిగినట్టు ఉంటది. తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ. పట్టా లేని పోడు భూములకు నష్టపరిహారం అడిగితే ముందు భూమి కాగితం తెమ్మంటరు. అందుకే కరెంటు తీగ. మాలో ఒకరి బాబాయి మూడేండ్ల కింద పక్క చేనోళ్ళు పెట్టిన తీగ తగిలి చచ్చిపోయిండు. రాత్రి మోటరు ఆన్ చేయనీకి పోయిండు. తీగ పెట్టినాయన పరాయోడు కాదు, వరుసకు బామ్మర్ది. కేసు పెట్టాలా వద్దా అని తండా రెండుగ చీలింది, చిన్నమ్మ ఇప్పటికీ ఆ ఇంటి ముందట నుంచి నడవది. ఇంకొందరు ఎరల నాటు బాంబు పెడ్తరు, అది పంది కొరికే ముందు ఎద్దు కొరుకుతది. తీగలకు, బాంబులకు పోయినోళ్ళ వార్త మన జిల్లా పేపర్లల్ల ప్రతి సీజన్ల వస్తనే ఉంటది. వాటి ముందట నల్లమందు భర్మార్ చాలా నయం. అది తోక తొక్కితే లేచే పాము కాదు, ఎవరో చేతుల పట్టుకొని కాలిస్తేనే పేల్తది. రవ్వలు ఏయకుండ ఉత్త మందు పేల్చినా ఆ చప్పుడుకు, పొగకు పందులు ఆ రాత్రికి దగ్గరికి రావు. మంచె మీద కావలున్న ప్రతి ముసలాయనకు ఇది ఎరుకే.

చట్టం కూడా ఆ మాటనే చెప్తది, ఇదే చాలామందికి తెల్వదు. మేము కూడా లైబ్రరీల 1959 ఆయుధాల చట్టం తెరిచేదాకా చూడలే. సెక్షన్ 13ల స్పష్టంగ ఉన్నది: నిజంగ పంట రక్షణ కోసం మూతి నుంచి దట్టించే తుపాకి కావాలని పౌరుడు అడిగితే లైసెన్సు ఇయ్యాలె. ఆ తుపాకి సరిపోదని అధికారి అనుకుంటే వేరే నున్నటి గొట్టం తుపాకికి కూడా ఇయ్యొచ్చు. సెక్షన్ 14 ఇంకా ముఖ్యం. అడిగినాయనకు చాలినంత ఆస్తి లేదనే ఒక్క కారణంతోని లైసెన్సు కాదనద్దని రాసి ఉన్నది. కాదంటే కారణం కాగితం మీద రాయాలె, మనం అడిగితే మామూలుగ ఆ కారణం మనకు చెప్పాలె. సెక్షన్ 18 కింద పైకి అప్పీలు చేసుకోవచ్చు. మన తండాల ఈ సెక్షన్లు ఎవరన్నా చదివి వినిపించిన్రా? దొర గడీల డబుల్ బ్యారెల్‌కు ఎప్పుడో లైసెన్సు వచ్చింది, మంచె మీద కావలున్న మనోళ్ళకు కేసు వచ్చింది. ఇద్దరికీ చట్టం ఒక్కటే, అర్జీ రాసే చెయ్యే ఒకరికి ఉండె, ఇంకొకరికి లేకుండె.

అదే చట్టం రెండో దిక్కు కూడా చెప్పాలె, లేకుంటే మోసం చేసినట్టయితది. లైసెన్సు లేకుండ తుపాకి ఉంటే 2019 సవరణ తర్వాత మామూలుగ రెండేండ్ల నుంచి ఐదేండ్ల దాకా జైలు. లైసెన్సు లేకుండ తుపాకి గానీ తూటా గానీ తయారుచేస్తే ఏడేండ్లకు తక్కువ కాకుండ, జీవిత ఖైదు దాకా. పేలిన డొల్లను ఇంట్ల నింపుడు కూడా తూటా తయారీ కిందికే తీస్తరు. ఇంట్ల మందు నూరితే పేలుడు పదార్థాల చట్టం వేరేగ ఉన్నది. ఇది తాతల కాలం కాదు, ఒక్క కేసు పడితే డిగ్రీ, ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నీ ఆగుతయి. ఇంకోటి, తుపాకికి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చొచ్చని కాదు. వన్యప్రాణుల చట్టం 1972ది విడిగ ఉన్నది. పంట పాడుచేసే పందిని కాల్చాలంటే ఆ చట్టం కింద అనుమతి కావాలె. తెలంగాణల సర్కారు జాబితాల ఉన్న షూటర్లను పిలిపించే పద్ధతి ఉన్నది. వాళ్ళు వచ్చేది ఊరికి ఒకసారి, పందులు వచ్చేది రోజూ. అందుకే కావలి తుపాకి చప్పుడు అవసరం పోదు.

మనలో కొందరు అన్నలు కొడవల ముచ్చట తెస్తరు. కర్ణాటకల కొడగు వాళ్ళకు 1861 సంది ఆయుధాల లైసెన్సు నుంచి మినహాయింపు ఉన్నది, 2019ల కేంద్రం దాన్ని ఇంకో పదేండ్లు పొడిగించింది, 2021ల కర్ణాటక హైకోర్టు కూడా తప్పు పట్టలేదు. వాళ్ళు తుపాకులకు పూజ చేసే పండుగనే ఉన్నది. వాళ్ళకిచ్చినప్పుడు జోడేఘాట్‌ల 1940ల నాటు తుపాకులు పట్టి కుమురం భీముతోని నిలబడ్డ గోండు, కోలాం వారసులకు ఎందుకియ్యరని ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. అయినా మేము ఆ డిమాండ్ ఎనుక లేము. మినహాయింపు వస్తే ఏ తుపాకి, ఏ మందు, ఎవరు పరీక్ష చేసిన్రు అనే లెక్క ఉండదు. ఇంట్ల తాగుడు ఉన్నది, గట్టు పంచాయితులు ఉన్నయి, బడికి పోని పిల్లలు ఇంట్ల ఉంటరు. ఇది చెప్తే మనోళ్ళను మనమే తిట్టుకుంటున్నమని ఒక అన్న కోపానికొచ్చిండు. తిట్టు కాదన్నా, మన ఇండ్లు మనకు తెల్వయా? మా ఆడపిల్లల హాస్టల్ దోస్తులు ఒక్క మాటన్నరు: ఇంట్ల తుపాకి ఉంటే పందికంటే ముందు ఎవరు భయపడ్తరో మీకు తెల్వదు. దానికి మా దగ్గర జవాబు లేకుండె.

కాబట్టి మేము అడుగుతున్నది చిన్నది. అటక మీద ఉన్న నెంబరు లేని తుపాకిని ఒక గడువు లోపల కేసు లేకుండ అప్పజెప్పే అవకాశం సర్కారు ఇయ్యాలె. అప్పజెప్పినోళ్ళకు, పందులు పడే ఊరని గ్రామసభ తీర్మానం చేస్తే, సెక్షన్ 13 కింద పరీక్ష చేసిన, నెంబరున్న భర్మార్‌కు లైసెన్సు ఇయ్యాలె. తుపాకి ఇంటికి ఒకటి అక్కర్లేదు, పదిళ్ళ కావలికి ఒకటైనా సరిపోతది. నల్లమందు, టోపీలు లైసెన్సు దుకాణంల లెక్కతోని దొరకాలె. ఇప్పుడు అది దొరకకనే పిలగాండ్లు తూటాలు కోస్తున్నరు. 2016 రూల్స్‌ల తుపాకి వాడే శిక్షణ రాసే ఉన్నది, అది జిల్లా కేంద్రంల ఇంగ్లీషుల కాకుండ మండలంల తెలుగుల, లంబాడీల, కోయల, గోండిల చెప్పాలె. పొగ రాని మందు దీంట్ల ఎందుకు పోయద్దో ఆ శిక్షణల మొదటి పాఠంగ ఉండాలె.

మేము మాత్రం ఇప్పుడు అడగలేం, సెక్షన్ 9 ప్రకారం 21 నిండాలె, మాలో చాలామందికి ఇరవయ్యే. అడగాల్సింది నాయినలు, బాపులు, పెద్దనాయినలు. అర్జీ నమూనా తెలుగుల మేము రాస్తున్నం, సెక్షన్ల నెంబర్లతోని సహా. మీ ఊర్ల ఎవరి దగ్గరన్నా పాత పంట రక్షణ లైసెన్సు కాగితం ఉంటే పేరు, నెంబరు కనపడకుండ ఫొటో తీసి కింద పెట్టండి. అర్జీ పెట్టి కాదనిపించుకున్నోళ్ళు ఉంటే ఆ కాదన్న కాగితం కూడా పెట్టండి, అది మాకు ఇంకా పనికొస్తది. కాగితమే ఇయ్యకుండ నోటితోని పొమ్మన్నరా, ఏ నెలల పోయిన్రో అదైనా రాయండి. తుపాకుల ఫొటోలు మాత్రం ఎవరూ పెట్టకుండ్రి.